గొడుగు నవల చివరి వారం

1986 ఫిబ్రవరి 10, సోమవారం

నా పేరు సంగమ్మ. ఊరు జహీరాబాద్. వయసు అరవై ఎనిమిదో, డెబ్బయ్యో. నేను పుట్టిన ఏడు రాసిపెట్టినవాళ్లు లేరు. చదువు రాదు. నేను చెబుతుంటే గురులింగప్ప రాస్తున్నాడు. తహసీలు ఆఫీసు ముందు ముప్పై ఏళ్లు అర్జీలు రాసిన చేయి అది. నేను మా మాటలో చెబుతాను, అతను పుస్తకాల భాషలోకి మార్చి రాస్తాడు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు, నా నవలలన్నీ ఆ భాషలోనే ఉంటాయి. కానీ ఎవరైనా మాట్లాడితే, ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే రాయాలని చెప్పాను.

"ఎవరికియ్యాలె అక్కా ఈ అర్జీ?" అని అడిగాడు.

"ఎవ్వరికియ్యద్దు. ఇది నాకే."

"నీకు సదువరాదు గద."

"అందుకే ధైర్యంగ చెప్తున్న. నువ్వు రాయి."

ఒక్క ముక్క వదలకుండా రాస్తానని, బయట ఎవరికీ చెప్పనని లింగం మీద ఒట్టు వేయించుకున్నాను.

సంగతి ఇది. నా తారాబాయిని బసమ్మ ఎత్తుకుపోయింది.

తారాబాయి మా వెనక గదిలో అద్దెకుండే పిల్ల. సొంతూరు రాయికోడ్, పదో తరగతి పాసైంది. మొగుడు లారీల ఫ్యాక్టరీకి పొద్దున సైకిలెక్కి పోతే చీకటి పడ్డాక వస్తాడు. రెండేళ్లుగా ప్రతి మధ్యాహ్నం రెండు గంటల నుంచి ఆ పిల్ల నాకు నవలలు చదివి వినిపిస్తోంది. బసమ్మ నా తోడికోడలు, నా మరిది భార్య. వీధికి అటువైపు ఇల్లు. ఆమెకూ నాకూ ఏడేళ్లుగా మాటలు లేవు. ఆమెకు చదువొచ్చు. ఇప్పుడు రెండు కళ్లకూ మోతిబిందు ముదిరి చూపు ఆనడం లేదు, షుగర్ తగ్గితే తప్ప ఆపరేషన్ చేయరట. అందుకని తారాబాయిని పిలిపించుకుంది.

చదువొచ్చినామెకు చదివిపెట్టడానికి, చదువురాని నాకు చదివే మనిషే దొరికిందా? ఇదీ నా కేసు.

ఫిబ్రవరి 11

ఈ ఇంటి నియమం ఒకటి ఇక్కడ రాయించాలి. చదివేవాళ్లు పని చేయరు. వాళ్ల చేతిలో పని వినేవాళ్లు చేసిపెట్టాలి.

ఇది అల్లం కాలం. శొంఠికి ఎండబెట్టే ముందు అల్లం పొట్టు గీకాలి. మా వీధిలో ప్రతి ఆడమనిషి ముందూ ఒక బుట్ట, చేతిలో ఒక వెదురు బద్ద. కత్తి పెడితే ఘాటు పోతుంది. తారాబాయికీ ఒక బుట్ట ఉంది. ఆమె పుస్తకం పట్టుకుంటే ఆ బుట్ట నేను గీకుతాను. నా బుట్ట, ఆమె బుట్ట, రెండూ నావే. వేళ్లు మండుతుంటాయి, కథ నడుస్తుంటుంది. నా నవలలు ఏవి వాసన చూసినా అల్లం వాసనే.

మరి బసమ్మ ఇంట్లో చదివితే ఆ బుట్ట ఎవరు గీకాలి? కళ్లు లేని మనిషి ఏం గీకుతుంది? అదే అడిగాను.

"వచ్చినంక నేనే గీక్కుంట అవ్వా," అంది తారాబాయి. ఆరో నెల కడుపు. వేళ్లు చూస్తే ఎర్రగా పొక్కి ఉన్నాయి.

ఈ నియమం ఎప్పుడు, ఎవరితో మొదలైందో రాయొద్దు.

ఫిబ్రవరి 12

రెండింటికి పోయింది. నాలుగున్నరకు వచ్చింది. ఆమె బుట్ట నేనే గీకాను. జాలిపడి కాదు, అల్లం వాడిపోతుందని.

ఫిబ్రవరి 13, గురువారం

గురువారం నాకు పండుగ. హైదరాబాద్ బస్సులో వారపత్రిక వస్తుంది. బస్టాండ్ దగ్గర కట్టలు విప్పగానే మొదటి కాపీ నాదే, లేకపోతే ఆ దుకాణంలో నిలబడి నేను చేసే గొడవ ఆ మనిషికి తెలుసు. ఇంటికొచ్చి టీ పెట్టుకుంటాను. ముందు బొమ్మలు చూస్తాను. తర్వాత సీరియల్ ఉన్న కాగితాలు పిన్ను దగ్గర మెల్లగా విడదీస్తాను. ఆ చప్పుడు నాకు ఇష్టం. ఒక సీరియల్ మొత్తం అయ్యాక ఆ కాగితాలన్నీ వరుసగా పెట్టి, దబ్బనంతో, బొంత కుట్టే నల్లదారంతో పుస్తకంగా కుట్టేస్తాను. చివర మూడు ముళ్లు వేస్తాను. అట్లాంటివి నా ట్రంకులో నలభై ఒకటి ఉన్నాయి.

పేర్లు నాకు చదవడం రాదు, బొమ్మను బట్టి నేనే పెట్టుకున్నాను. నెమలి చీర నవల. రైలు నవల. కుట్టుమిషన్ నవల. గొడుగు నవల. గొడుగు నవల అన్నిటికంటే మేలు. ప్రతి వారం మొదటి పేజీ మీద గొడుగు పట్టుకున్న ఆడమనిషి. చివరి వారం మాత్రం ఆ గొడుగు మూసి గోడకు ఆనించి ఉంటుంది.

ఒక్కసారి వింటే చాలు, నాకు కథ మొత్తం నోటికి వస్తుంది. తారాబాయి తొందరలో ఒక వాక్యం దాటేస్తే ఆపి వెనక్కి పంపుతాను. "గా కిటికీ మాటేది?" అంటాను. "అవ్వా, నీకు పుస్తకమెందుకు? నువ్వే పుస్తకం," అంటుంది.

ఈ వారం పత్రిక వచ్చింది, తారాబాయి రాలేదు. బొమ్మలు చూసుకుంటూ కూర్చున్నాను. ఒక బొమ్మలో ఇద్దరు ఆడవాళ్లు మంచం మీద కూర్చుని నవ్వుతున్నారు. పత్రిక మూసేశాను.

ఫిబ్రవరి 17

తారాబాయిని అడిగాను, మామూలుగానే.

"యాడ కూసుంటరే మీరిద్దరు?"

"మంచం మీద అవ్వా. ఆమె పండుకుంటది. నేను కాళ్ల దిక్కు కూసుంటా."

"కాళ్లు నొస్తున్నయంటదా?"

"అంటది. జర నూనె రాస్త."

"చదువుకుంట రాస్తవా?"

"ఒక చెయ్యి పుస్తకం మీద, ఒక చెయ్యి కాలి మీద," అని నవ్వింది.

నియమం ఏమైంది మరి? చదివే మనిషి చేత పని చేయించుకుంటోంది! ఎడమ మడమ మీద పగుళ్లు ఉంటాయి ఆమెకు. అక్కడ నూనె వేడి చేసి రాయాలి, చల్లది రాస్తే తిమ్మిరెక్కుతుంది. ఆ పిల్లకు అదంతా ఎవరు చెప్పారు? నేను మాత్రం చెప్పలేదు.

గురులింగప్ప కలం ఆపి నా వైపు చూశాడు. రాయమన్నాను.

ఫిబ్రవరి 20

ఈరోజు తారాబాయి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"అవ్వా, కోపం చెయ్యద్దు. బసమ్మవ్వ గొడుగు నవల ఇనాలె అంటున్నది. నేను ఊకె దాని ముచ్చట చెప్పిన. నీ పుస్తకం జర ఇస్తవా?"

"నా పేరు చెప్పి అడిగిందా?"

"లేదు. 'గా పెట్టెల ఉన్న నవల' అన్నది."

ఆ పెట్టె సంగతి ఆమె మరిచిపోలేదన్నమాట.

రేపు ఇస్తానన్నాను.

ఫిబ్రవరి 21

ఇచ్చాను. ఇచ్చే ముందు దారం కోసి చివరి వారం కాగితాలు తీసి, నా పరుపు కింద పెట్టాను. ఈ మాట రాయొద్దు. ఒట్టు వేశావు కాబట్టి రాస్తున్నావు, సరే.

ఫిబ్రవరి 24

గొడుగు నవల కథ ఇక్కడ చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని ఎంత పెద్దదో తెలియదు. సులోచన అనే ఆమె టెలిఫోన్ ఆఫీసులో పని చేస్తుంది. ఒక వానరోజు తోటి ఉద్యోగి రమాదేవి తన గొడుగు ఇస్తుంది. మర్నాడే ఇద్దరికీ మాటా మాటా వచ్చి గొడవ అవుతుంది. గొడుగు సులోచన దగ్గరే ఉండిపోతుంది. పెళ్లిళ్లు, పిల్లలు, బదిలీలు, చావులు, అరవై వారాలు. ప్రతి ఇల్లు మారినప్పుడూ ఆ గొడుగు సామాన్ల బండిలో ఎక్కుతుంది. చివరి వారానికి ముందు వారంలో సులోచన వానలో తడుస్తూ, గొడుగు తెరవకుండా చంకలో పెట్టుకుని, రమాదేవి గేటు గొళ్లెం మీద చేయి వేస్తుంది. అంతటితో ఆ వారం అయిపోతుంది.

చివరి వారం నా పరుపు కింద ఉంది. రాత్రి పక్కకు తిరిగితే చప్పుడు చేస్తోంది.

మార్చి 1

తారాబాయి నవల తిరిగి తెచ్చింది.

"అవ్వా, చివరి వారం లేదు ఇందుల."

"ఎలుక కొరికుంటది."

"దారం కోసినట్టున్నది."

"ఎలుకలకు పండ్లుండయా?"

ఆమె నవల నా ముందు పెట్టింది. నేనే అడగాల్సి వచ్చింది.

"మరి ఆమెకు నోటితోని చెప్పినవా, చివరికి ఏమైందో?"

"చెప్తనన్న. వద్దన్నది. పుస్తకం చేతిల వట్టుకొని అటిటు తడిమింది. 'గీడికే బాగున్నది, చెప్పకు' అన్నది."

చూశావా ఆమె పొగరు! పత్రికలో వచ్చిన ముగింపు వినదట. ఆమెకు నచ్చిన చోట కథ ఆగాలి. ఆమె చదువుకున్నది కదా.

మార్చి 4

నారమ్మ వచ్చింది. మా వీధి చివర ఉంటుంది, అల్లం బుట్ట చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గీకే మనిషి. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ.

"సంగక్కా, బసమ్మ ఏమంటున్నదో ఎరుకేనా? గా గొడుగామె గేటు కాడ నిలవడి, లోపటికి పోకుండ మర్లిపోయిందట. గంతే కథనట. 'గన్నేండ్లు మాట్లాడనోళ్లు మళ్ల ఎట్ల మాట్లాడ్తరే? రాసినోళ్లు తెలివిగల్లోళ్లు' అంటున్నది. అందరికి చెప్తున్నది."

"మర్లిపోయిందని యాడున్నది? గొళ్లెం మీద చెయ్యేసింది!"

"చెయ్యేసి తీసిందేమో."

"తియ్యలే!"

"నీకెట్ల ఎరుక? నువ్వు సదివినవా?" అని నారమ్మ పళ్లికిలించింది. ఆమె బుట్ట కాలితో అవతలికి తోశాను. అల్లం ముక్కలు వాకిలంతా పడ్డాయి. మళ్లీ నేనే ఏరి పెట్టాను.

సులోచన వెనక్కి పోలేదు. లోపలికి పోయింది. నాకు తెలుసు. కానీ ఎట్లా చెప్పాలి? కాగితాలు ఎక్కడివని అడుగుతారు.

శివరాత్రి మర్నాడు

నిన్న గుడిలో బసమ్మ కనిపించింది. ఎవరో చేయి పట్టుకుని నడిపిస్తున్నారు. నా పక్క నుంచే పోయింది. ఆమె చీరకు మా ఇంటి పెట్టెల వాసన ఇంకా పోలేదు. కళ్లు కనపడవు కాబట్టి నన్ను చూడలేదని అనుకోవాలి. కానీ నా దగ్గరికి రాగానే గొంతు పెంచి ఆ పక్కామెతో అంది:

"గొడుగు నవలల గదే నాకు నచ్చింది. లోపటికి పోలే. పోతే ఆమె మర్యాదేముంటది?"

పళ్లు పటపట కొరికాను. ఉపవాసపు నోరు, లేకపోతే అక్కడే అనేదాన్ని.

ఇక ఆ పెట్టె సంగతి రాసెయ్యి గురులింగప్పా. ఏడేళ్ల కింద మా ఇల్లు రెండు వాటాలైంది. పెద్దమనుషులు కూర్చుని గిన్నె గిన్నె పంచారు. నవలల ట్రంకు వంతు వచ్చింది. అప్పుడు బసమ్మ పదిమందిలో అంది: "సదువరానిదానికి పుస్తకాలెందుకు? అవి నాకియ్యిన్రి." అందరూ నవ్వారు. నేను ఏడవలేదు. పోయి ఆ ట్రంకు మీద కూర్చున్నాను. పెద్దమనుషులు లేచిపోయేదాకా దిగలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఆమె ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నెల నుంచి, ఇరవై ఆరేళ్లు నాకు నవలలు చదివింది ఆమే. ఆమె చదువుతుంటే ఆమె రొట్టెలు నేను కొట్టేదాన్ని, ఆమె పిల్లలకు నేను తలంటేదాన్ని, సాయంత్రం ఆమె మడమకు నూనె వేడిచేసి నేను రాసేదాన్ని. నియమం ఎప్పుడు, ఎవరితో మొదలైందంటే అప్పుడు, ఆమెతో.

అంత వినిపించి, వినిపించి, చివరికి చదువురానిది అంది.

మార్చి 14

తారాబాయికి ఏడో నెల వచ్చింది. వాళ్ల అన్న వచ్చి కాన్పుకు రాయికోడ్ తీసుకుపోయాడు. బస్సెక్కేముందు నా కాళ్లకు మొక్కింది. ఆమె వేళ్లకు రాయడానికి వెన్న ఇచ్చాను.

"ఐదు నెలల్ల వస్త అవ్వా. ఫికర్ చెయ్యకు."

"నాకేం ఫికర్? నీ బుట్ట తప్పింది నాకు."

"బసమ్మవ్వకు సదివేటోళ్లు లేరు ఇగ."

"నాకు మాత్రం ఉన్నరా?" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఆ పిల్ల ఆమెను నాకు అప్పగిస్తోందని. కండక్టర్ ఈల వేశాడు.

మార్చి 15

గురులింగప్ప తానే చదివిపెడతానన్నాడు. అర్జీ చదివినట్టు చదువుతాడు. ప్రియుడు ఉత్తరం రాస్తే దరఖాస్తు పెట్టినట్టుంటుంది. రెండు పేజీలకే ఆపేయమన్నాను. కోపం తెచ్చుకోలేదు, టీ తాగాడు.

మార్చి 17

ఆమెకు చదివేవాళ్లు లేరు. నాకు సంతోషంగా ఉంది.

మార్చి 18

సంతోషంగానే ఉంది.

మార్చి 19

రెండు గంటలకు ఆమె తలుపు తెరిచి గడప మీద కూర్చుంది. నాలుగున్నరకు లేచి లోపలికి పోయింది. ఆ మధ్యలో ఎవరూ రాలేదు. నేను చూడాలని చూడలేదు, నా బుట్ట అటువైపు ఉంది.

మార్చి 21

పరుపు కింద నుంచి కాగితాలు తీశాను. సగం గీకిన అల్లం బుట్ట చంకలో పెట్టుకున్నాను, ఎవరైనా అడిగితే అల్లం పనికి పోతున్నానని చెప్పడానికి. వీధి దాటడానికి పది అంగలు. ఏడేళ్లు పట్టింది.

బసమ్మ గడప మీదే ఉంది. నేను నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు.

"లోపటికి పోయింది," అన్నాను. "గొడుగామె. మర్లిపోలే. ఊరంతా తప్పు చెప్పకు."

"కూసో అక్కా," అంది.

"కూసునేతందుకు రాలే. ముచ్చట సరిజేసి పోదామని వచ్చిన."

"పుస్తకం తెచ్చినవా?"

కాగితాలు ఇచ్చాను. ఆమె అంచు మీద వేలు నడిపి, సూది రంధ్రాలు లెక్కపెట్టింది.

"ఆ పుస్తకం చివర మూడు ముళ్లు లేకుండె," అంది. "నువ్వు ముళ్లెయ్యకుండ ఇడిశిపెడ్తవా? కోసుకున్నవని అప్పుడే ఎరుకైంది. నోటితోని అడిగితే ఇయ్యవు. తప్పు చెప్తే మాత్రం నువ్వు ఊకుండలేవు. గా నారమ్మకు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఎన్ని దినాలాయె!"

వల వేసింది నాకు. నాకు!

"గుడిల సుత గందుకే అన్నవా?"

"నీ కాలి మెట్టెల సప్పుడు ఎరుకలేదా నాకు?"

కోపం ఎంత వచ్చిందంటే, కూర్చున్నాను.

"మరి గా దినం పదిమందిల గా మాటెందుకన్నవ్?"

ఆమె కాగితాల అంచులు సరిచేసింది. "పెట్టె నాకొస్తే దినాం నా ఇంటికి వస్తవనుకున్న. నువ్వు పెట్టె మీద కూసుంటివి."

"గట్లయితే గట్ల చెప్పద్దా?"

"పదిమందిల ఎట్ల చెప్పాలె? అక్కా నువ్వు రాకుంటే నాకు తోస్తలేదని చెప్పాల్నా?"

ఆ మాట నేను ఇంకా నమ్మలేదు. రాసుకో గురులింగప్పా, నమ్మలేదు.

"సదువు మరి," అని కాగితాలు నాకు తిరిగి ఇచ్చింది.

"నన్ను ఎక్కిరిస్తున్నవా?"

"ఇద్దరిల ఎవరికి ఒస్తదో వాళ్లే సదవాలె. నాకిప్పుడు రాదు."

అని చేయి చాపి, నా ఒళ్లో ఉన్న అల్లం బుట్ట తడుముకుని తన ఒళ్లోకి లాక్కుంది. వెదురు బద్ద ఎక్కడుందో అడిగి తీసుకుంది. ఒక అల్లం కొమ్ము తీసి, బొటనవేలితో కణుపులు వెతుక్కుంటూ గీకడం మొదలుపెట్టింది. కళ్లు లేని మనిషి ఏం గీకుతుందని నేనే రాయించాను కదా. నాకంటే శుభ్రంగా గీకింది.

నేను కాగితాలు ముందు పెట్టుకున్నాను. బొమ్మ ఎటు పైకి ఉండాలో నాకు తెలుసు. మొదలుపెట్టాను.

"గొళ్లెం తీసిన చప్పుడుకు లోపల దీపం వెలిగింది. రమాదేవి తలుపు తెరిచి నిలబడింది. సులోచన గొడుగు ముందుకు చాపింది. 'గొడుగు బయట పెట్టు, ఇల్లంతా తడుస్తోంది,' అంది రమాదేవి. తర్వాత లోపలికి వెళ్లి తువ్వాలు తెచ్చింది..."

ఒక్క మాట పోనివ్వలేదు. పేజీ అయిపోయిన చోట పేజీ తిప్పాను. ఏడుపు లేదు ఆ వారంలో, కౌగిలింతలు లేవు. ఒక తువ్వాలు, రెండు కప్పుల కాఫీ, గోడకు ఆనించిన గొడుగు కింద చిన్న నీటి మడుగు. అందుకే నాకు ఆ నవల అంత ఇష్టం.

మధ్యలో బసమ్మ ఒక్కసారే అడ్డుపడింది. "గా కాఫీల చక్కెర మాటేది?" అంది.

ఉంది ఆ మాట. నేను దాటేశాను. వెనక్కి వెళ్లి చెప్పాను. తర్వాత గుర్తొచ్చింది, ఆమె ఈ వారం ఎప్పుడూ వినలేదే.

"నీకెట్ల ఎరుక?"

"తారాబాయి చెప్పనే చెప్పింది. వద్దన్నా ఇనదు గా పొల్ల."

అంటే ఆ ముగింపు తెలిసే ఊరంతా తప్పు చెప్పింది! తారాబాయి కూడా నా దగ్గర దాచింది. ఇద్దరూ ఆ మంచం మీద కూర్చుని నా గురించి నవ్వుకుని ఉంటారు. మళ్లీ ఒళ్లు మండింది. లేచిపోదామనుకున్నాను, కానీ బుట్ట ఆమె ఒళ్లో ఉంది. పని ఆమె చేస్తోంది. నియమం ప్రకారం నేను చదవాలి.

మార్చి 22

గురులింగప్పా, ఇక మధ్యాహ్నాలు రావద్దు. వస్తే పొద్దున రా, టీ మాత్రం ఇస్తాను. కేసు కొట్టివేయలేదు, వాయిదా వేశాను.

నిన్న ఒకటి చెప్పడం మరిచిపోయాను, అది రాసి కట్టెయ్యి. చివరి పేజీ అయిపోయాక బసమ్మ బుట్టలో చేయి పెట్టి చూసింది. ఇంకా సగం ఉంది.

"ఇంకోటి తియ్యి," అంది. "రైలు నవల."

"అది నువ్వే సదివినవ్ గద నాకు."

"నేను సదివితే నేనెప్పుడిన్న?"

నెమ్మదిగా రైలు నవల మొదలుపెట్టాను, పుస్తకం లేకుండానే. ఆమె గీకుతోంది. నా చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. నా బతుకులో ఎవరూ నా బుట్ట గీకిపెట్టలేదు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గడప పక్కనున్న నూనె గిన్నెలో వేళ్లు ముంచి, తారాబాయి పెట్టుకున్నట్టే ఒకటి ఆమె మడమ మీద పెట్టాను.

నూనె చల్లగా ఉంది. ఈరోజు వేడి చేయాలి.